సూది దిగని బొమ్మ

షట్టరు ఎత్తగానే దర్జీ అక్క చేసే మొదటి పని మూలనున్న గుడ్డబొమ్మ దుమ్ము దులపడం. ఎవరి కొలత తీసిన టేపు దానికి చుట్టినా, రెండు నెలల తర్వాత వాళ్ళ ఒళ్ళెలా ఉంటుందో అలా మారిపోతుందా బొమ్మ. నెలలు నిండుతున్నవాళ్ళు ముందే గౌన్లు కుట్టించుకోవడానికి అదో సుఖం. బరువు తగ్గి తీరతానని బల్లగుద్ది చెప్పిన బస్సు డ్రైవరుకి మాత్రం ఇంకాస్త పొట్ట పెంచి చూపించింది. అతను బొమ్మతో పోట్లాడి, చివరికి పెద్ద ప్యాంటే కుట్టించుకున్నాడు.

ఆ రోజు చెల్లెలు వచ్చి కాలుకాలిన పిల్లిలా షాపంతా తిరిగింది.

"ఎల్లుండేనక్కా, క్లినిక్కులో. తొడల్లో కొవ్వు తీసి ఛాతీలోకి ఎక్కిస్తారు. ఆ కొలతలకి గౌను కుట్టు."

"ఇల్లు సర్దినట్టు ఒళ్ళు సర్దుతారటే? ప్రమాదం లేదూ?"

"నా కొవ్వే కదా, పరాయిదా? కొంత కరిగిపోతుందట, ఒక్కోసారి గడ్డ కడుతుందట. అంతే."

అక్క సణుగుతూనే చెల్లెలి కొలత తీసి, టేపు బొమ్మకి చుట్టింది. బొమ్మ ఛాతీ నిండుగా పొంగింది. చెల్లెలు చప్పట్లు కొట్టింది. గౌను గుడ్డ కప్పి గుండుసూదులు గుచ్చుతుంటే ఎడమవైపు ఒకచోట సూది దిగలేదు. ఇంకోటి వంగిపోయింది. లోపల బఠాణీ గింజంత గట్టిగా ఏదో తగిలింది.

"గడ్డకట్టిన కొవ్వేలే," అంది చెల్లెలు.

"వాళ్ళు స్కాన్ తీశారా?"

"అక్కర్లేదన్నారు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము జబ్బు ఉందా అనడిగారు. లేదన్నాను."

అక్క గుండుసూదుల డబ్బా మూసి పక్కన పెట్టింది. అమ్మ జబ్బుని ఆ ఇంట్లో అందరూ జ్వరమనే అనేవారు. చిన్నది బెదిరిపోతుందని పెద్దలు పెట్టిన పేరు, అమ్మ పోయాక కూడా అలాగే ఉండిపోయింది.

"అమ్మది జ్వరం కాదే," అంది. "రొమ్ములో గడ్డ."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నోరు రాలేదే తల్లీ."

అనుకున్న రోజున చెల్లెలు క్లినిక్కుకి పోలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పెద్దాసుపత్రికి పోయారు. స్కాన్ తీశారు, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా అక్క ఒక్క గుడ్డా తిన్నగా కత్తిరించలేకపోయింది. భయమంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

"క్యాన్సరే," అంది డాక్టరమ్మ. "కానీ మొదట్లోనే దొరికింది, నయం చేయొచ్చు. కొవ్వు ఎక్కించాక అయితే, ఇదీ ఆ గడ్డల్లో ఒకటేలెమ్మని ఊరుకునేదానివి."

చెల్లెలు చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, వెనకాల నిలబడ్డ అక్క చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"డాక్టరుగారూ, ఈవిడా మా అమ్మ కూతురే. ఈవిడకీ స్కాన్ తీయండి."