సగం పాఠం

బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట రాసి, గొడుగును పక్కనున్న మేకుకు తగిలించి, జకర్యా కళ్లు మూసుకున్నాడు. అది ఆయన ప్రార్థన. బెంచీల మీద కూర్చున్నవాళ్లు మాత్రం, పాపం సారు పాఠం మర్చిపోయి గుర్తు తెచ్చుకుంటున్నాడనుకున్నారు. ప్రతి సోమవారం ఎవరో కొందరు అలాగే అనుకుంటారు. నిద్రలో లేపి అడిగినా ఆయన ఆ పాఠం చెప్పగలడు. చెప్పడానికి ఆయనకున్నదే ఆ ఒక్క పాఠం.

ఆ రోజుల్లో సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి సందుల్లో కరెంటు స్తంభానికొక స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు వేలాడేది. గడియారాల దుకాణం పైన, మధ్యలో ప్లైవుడ్ అడ్డుపెట్టిన రెండు గదులు బాబూరావువి. తెనాలి నుంచి వచ్చి రకరకాల వ్యాపారాలు చేసి, చివరికి ఇంగ్లీషులో స్థిరపడ్డ మనిషి. సోమవారం క్లాసు ఉచితం. నచ్చినవాళ్లు పేరు రాయించుకుని మంగళవారం నుంచి బ్యాచ్‌లో చేరాలి. ఆ ఉచిత క్లాసు జకర్యాది. చేరినవాళ్లకు చెప్పేది మాత్రం టై కట్టుకున్న కుర్ర మేష్టర్లు. జకర్యాకు టై లేదు. డిగ్రీ కూడా సగంలోనే ఆగింది. మిగతా రోజులు ఆయన ప్లైవుడ్ వెనక కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతాడు.

“టేక్ అంటే తీసుకో. ఇంతేనా మీకు తెలిసింది?” అని మొదలుపెట్టాడు.

ఆయన నడుం వంచి, రెండు చేతులతో లేని బకెట్టు ఎత్తి నెత్తిన పోసుకున్నాడు. టేక్ ఎ బాత్. జేబులోంచి లేని మాత్ర తీసి మింగి ముఖం చిట్లించాడు. టేక్ ఎ టాబ్లెట్. బస్సెక్కాడు, ఫోటో తీశాడు, పరీక్ష రాశాడు, సెలవు పెట్టాడు, కుర్చీలో కూర్చున్నాడు. అన్నిటికీ టేకే. “మనం పనికొక మాట ఖర్చు పెడతాం. ఇంగ్లీషువాడు పిసినారి, ఒక్క మాటతో సంసారమంతా ఈదుతాడు” అనేసరికి గది గొల్లుమంది. అరవై దాటిన ఆ బక్కపలచని మనిషిలో, మోచేతి దగ్గర చొక్కా చిరుగు కుట్టుకున్న ఆ మనిషిలో, అంత హుషారు ఎక్కడిదో వాళ్లకు అర్థం కాలేదు.

చివరికి గొడుగు తీసి ముందు బెంచీలో ఉన్నామెకు అందించాడు. “టేక్ ది అంబ్రెల్లా.” ఆమె తీసుకుంది. ఇక ఇక్కడ ఆపాలి. అది బాబూరావు పెట్టిన నియమం. జనం నవ్వుతూ ఉండగానే సగంలో ఆపి, మిగతాది రేపు అనాలి. రేపు వచ్చినవాళ్లకు కుర్ర మేష్టర్లు వేరే పుస్తకం తెరుస్తారు. ఆ మిగతా సగం ఇన్నేళ్లలో ఒక్కరూ వినలేదు. దాన్ని ఆయన రోజూ దారిలో నడుస్తూ తనలో తాను చెప్పుకుని, సానబెట్టి, దాచుకున్నాడు. తనకంటూ ఒక బ్యాచ్ ఇస్తే మొదటిరోజే చెప్పాలని ఆశ. ఈసారి బాబూరావు మెత్తబడ్డాడు కూడా. ఇవాళ వచ్చినవాళ్లు బెంచీలు నిండేటట్టు చేరితే పొద్దుటి బ్యాచ్ ఆయనకే అన్నాడు.

“మిగతాది రేపు” అంటూ జకర్యా గొడుగు కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు. పేరు సత్తెమ్మట. బన్సీలాల్‌పేట్‌లో ఒక నర్సింగ్ హోంలో ఆయా. ఆకుపచ్చ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ లేచి నిలబడింది.

“సార్, పోయిన సోమారం సుత వచ్చిన. దాని ముందటి సోమారం సుత వచ్చిన. మీరు రేపంటరు. నాకు సోమారం ఒక్కనాడే సుట్టీ. అందుకే మళ్ల సోమారం వస్తున్న. మీరేమో ఎప్పుడు గొడుగు కాడ్నే ఆపుతున్నరు. జెర ఆఖరిదాంక చెప్పరాదు సార్?”

కొందరు నవ్వారు. జకర్యాకు నవ్వు రాలేదు. ఎన్నో ముఖాలు చూశాడు గానీ, మిగతా సగం కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ప్లైవుడ్ అవతల బాబూరావు కుర్చీ కిర్రుమంది. అన్నీ వినిపిస్తాయి అక్కడికి. పొద్దుటి బ్యాచ్ కావాలంటే ఇప్పుడు నోరు మూసుకోవాలి. అంత తేలికైన పని.

ఆయన సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు.

తర్వాత గదిలో నవ్వులు తగ్గాయి. తల్లి పోలిక వచ్చిన కూతుర్ని ఏమంటారో చెప్పాడు. నిలువ నీడ లేనివాణ్ణి ఇంట్లోకి రానిస్తే ఏమంటారో, అన్నమాట వెనక్కి తీసుకుంటే ఏమంటారో చెప్పాడు. అన్నిటికీ ఆ పిసినారి మాటే, పక్కన ఆఫ్టర్, ఇన్, బ్యాక్ అంటూ ఇంకో చిన్న మాట తోడు. చివరిది బోర్డు అడుగున రాశాడు. “టేక్ టు. ఒక మనిషి మీదో, ఒక పని మీదో మనసు పడ్డం. ఐ టుక్ టు దిస్ వర్క్. నేను ఈ పని మీద మనసు పడ్డాను” అన్నాడు. ఆ మాట పైకి అనడం ఆయనకు అదే మొదలు.

సత్తెమ్మ పెదాలు కదుపుతూ ఆ వాక్యం రెండుసార్లు అనుకుంది. గొడుగు తిరిగి ఇచ్చేసింది. ఆయన దాన్ని మేకుకు తగిలించాడు.

ఆ రోజు ఎవరూ పేరు రాయించుకోలేదు. రేపు వస్తాం సార్ అని దణ్ణాలు పెట్టి మెట్లు దిగిపోయారు. రేపు వస్తామన్నవాడు మళ్లీ కనిపించడని ఆ వీధిలో అందరికీ తెలుసు.

“అంతా చెప్పేస్తే ఇంకెవరు చేరతారండీ జకర్యా గారూ” అన్నాడు బాబూరావు, కోపంగా కాదు, నీరసంగా. “ఆ బ్యాచ్ సంగతి మర్చిపోండి.”

జకర్యా తలూపాడు. బాధ కలిగింది. లేదంటే అబద్ధం. కానీ ఆలుగడ్డ బావి బస్టాపు దాకా నడిచేసరికి బాధ వెనకబడింది. అక్కడ చినుకులు మొదలైతే గానీ గొడుగు మర్చిపోయానని గుర్తు రాలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ మర్చిపోలేదు. వెనక్కి వెళ్లలేదు. రేపు పేపర్లు దిద్దడానికి వెళ్లేదేగా అనుకుని, తడుస్తూ మెట్టుగూడలోని తన ఇంటికి చేరాడు.

ప్రేమమణి తువ్వాలుతో భర్త తల తుడిచి, ఎండుచేపల ఇగురుతో అన్నం పెట్టింది. ఆయన ఇవాళ పాఠం మొత్తం చెప్పేశానన్నాడు.

“అయితే రేపేం చెప్తారు?” అందామె.

“రేపటికేం మిగల్చలేదు మణీ” అని నవ్వి, చేతులు కడుక్కుని, ఒంట్లో కొంచెం నలతగా ఉందని పడుకున్నాడు.

సాయంత్రం ఆమె టీ తెచ్చి పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. రెండోసారి పిలవలేదు. గ్లాసు కింద పెట్టి, మంచం అంచున కూర్చుని, ఆయన గోళ్ల సందుల్లో ఇంకా మిగిలిన సుద్దపొడిని చీర చెంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున బాబూరావు తలుపులు తీసేసరికి మెట్ల నిండా జనం. నిన్నటివాళ్లే, వెంట మరికొందరిని తీసుకొచ్చారు. ఆ సార్ చెప్తేనే చేరతామన్నారు. బాబూరావు అందరినీ కూర్చోబెట్టాడు. బెంచీలు చాలలేదు. జకర్యా గారిని ఎలా బతిమాలాలా అని ఆయన ఆలోచిస్తుండగా, మెట్టుగూడ నుంచి చర్చి సంఘపెద్ద జీవరాజు వచ్చి, ప్లైవుడ్ వెనక నిలబడి, జకర్యా నిన్న సాయంత్రం ప్రభువునందు నిద్రించాడని, మధ్యాహ్నం మట్టి చేస్తారని చెప్పి వెళ్లాడు.

బాబూరావు క్లాసు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఉన్న పేర్ల పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. ముందు బెంచీలో సత్తెమ్మ ఉంది. డ్యూటీ మార్చుకుని వచ్చింది. ఆలస్యమైనందుకు ఆయన సంజాయిషీ చెప్పుకోబోతున్నాడనుకుందేమో, తనే ధైర్యం చెప్పింది.

“పరేషాన్ కాకుండ్రి సార్, మేం కూసుంటం. సార్ వస్తడు. ఆయన గొడుగు ఈడ్నే ఉన్నది గద.”

బాబూరావు తలెత్తి చూశాడు. బోర్డు పక్కన మేకుకు నల్లగొడుగు వేలాడుతోంది. దాని పిడి మీద సుద్ద అంటిన వేళ్ల గుర్తులు ఇంకా తెల్లగానే ఉన్నాయి.