అరవై పైబడినవాళ్ళ పరుగు

పరుగు మొదలుపెట్టిన కొత్తలో శేషాద్రి చేతిలో ఉన్నవి ఇవీ: కంభం బజారులో కొడుక్కు అప్పజెప్పిన ఎరువుల దుకాణం, నడవకపోతే కష్టమని డాక్టరు బెదిరించిన షుగరు, మాట వినని మోకాళ్ళు, తోడుగా సీమోను. వీటిలో పెట్టుబడి లేకుండా వచ్చినవాడు సీమోను ఒక్కడే.

సీమోనుది అర్ధవీడు. శేషాద్రి నాయన అక్కడ కిరాణా కొట్టు నడిపిన రోజుల్లో ఇద్దరిదీ బడిలో ఒకే వరస. సీమోను చదువు ఐదుతో ఆగింది. పశువుల వెంట కొన్నాళ్ళు తిరిగి, పుణె, షోలాపూర్ పోయి బిల్డింగు పనుల్లో సగం జీవితం గడిపి వచ్చాడు. ఇప్పుడు కంభంలో దుకాణాల ముందు లారీల నుంచి మూటలు దించుతున్నాడు. ఒక ఉదయం చెరువు కట్ట మీద శేషాద్రి రొప్పుతూ పరుగెత్తడం చూసి, చెప్పులు చేతపట్టుకుని పక్కన కలిశాడు. ఆ రోజు నుంచి సీమోనే ముందు, శేషాద్రే వెనక.

కొత్త జిల్లాలు వచ్చి ఏడాదైన రోజులవి. వయసు మళ్ళినవాళ్ళకు వయసుల వారీగా పందేలు పెడతారని తెలిసి శేషాద్రి రాష్ట్రాలు తిరగడం మొదలుపెట్టాడు. మైసూరు, కొచ్చి, నాసిక్. సీమోను టికెట్టు కూడా తనే తీసేవాడు. ఊరికే కాదు. శేషాద్రికి హిందీ రాదు, రైల్లో ఒంటరిగా కన్ను మూతపడదు. ఒక్క టికెట్టుతో దుబాసీ, కాపలా, సామాను మోసే మనిషి, మాట్లాడే మనిషి దొరికారు. ఇంత లాభసాటి బేరం దుకాణంలో కూడా ఎన్నడూ తగల్లేదని అతని నమ్మకం.

దొరకనిది మొదటి స్థానం ఒక్కటే. రెండో, మూడో వచ్చి ఇంటికి చేరిన ప్రతిసారీ భార్య నాగమణి బ్యాగు అందుకుంటూ అడిగేది.

"ఏంది, ఈసారి గూడా ఊరు చూసి వచ్చినారా?"

పందేల్లో వయసుకు ఆధార్ కార్డే సాక్ష్యం. సీమోను శేషాద్రి కంటే ఏడాది పెద్ద. కార్డులో మాత్రం ఏడేళ్ళు చిన్న.

"ఆ కార్డు తీసేటోడు నన్ను ఎగాదిగా చూసి వాడే రాసేసినాడు శెట్టీ," అనేవాడు సీమోను నవ్వుతూ. "పొట్ట లేనోడికి వయసు గూడా ఉండదనుకున్నాడేమో."

అందుకే అతను యాభైలవాళ్ళతో పరుగెత్తి ఎక్కడో వెనక మిగిలేవాడు. నాసిక్‌లో ఐదోవాడుగా వచ్చాడు. శేషాద్రి బోర్డు దగ్గర నిలబడి టైములు చూశాడు. అరవై దాటినవాళ్ళలో గెలిచిన మనిషి కంటే సీమోను టైమే మెరుగు. ఆ మాట పైకి అనలేదు.

తిరుగు రైల్లో సీమోను అడిగాడు.

"శెట్టీ, ఈ వయసు సరిచేపించు. అరవై దాటినోళ్ళకు పింఛను వస్తాంది. పరుగెత్తితే ఏం కాదు గానీ, మూట ఎత్తితే నడుం పట్టేస్తాంది. బడికి పోతే పాత రికార్డులు ఎలకలు కొట్టినాయని పంపించినారు. హెడ్మాస్టరు నీ మాట కాదనడు."

ఆ బడికి బెంచీలు ఇచ్చింది శేషాద్రే. "దానికేం భాగ్యం, చెప్తాలే," అన్నాడు. చెప్పాడు కూడా. పదిరోజులకు హెడ్మాస్టరు ఫోను చేశాడు.

"దొరికింది శెట్టిగారూ. సర్టిఫికెట్ రాసి పెట్టినా. మనిషిని పంపండి."

శేషాద్రి ఫోను పట్టుకుని దుకాణం మెట్ల మీదికి వచ్చాడు. జైపూర్‌లో జాతీయ పోటీలు దగ్గరపడ్డాయి. ఏటా గెలిచే కేరళ ఆయన కాలు విరిగి ఈసారి రావడం లేదు. ఇప్పుడు ఈ కాగితంతో సీమోను కార్డు మారితే, అతనూ వచ్చి తన వరసలోనే నిలబడతాడు. ఇంటి దగ్గర వదిలి పోదామంటే హిందీ ఎవరు మాట్లాడాలి? పింఛను ఈ నెల కాకపోతే పై నెల వస్తుంది. తనకు ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

"తొందరేం లేదు సార్," అన్నాడు. "మేము జైపూర్ పోయొచ్చినాక ఇద్దురుగానీ."

జైపూర్‌లో సీమోను తన పందెం ఓడిపోయి, ముఖం కడుక్కుని, శేషాద్రి పందేనికి గీత పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆఖరి చుట్టులో పక్కనే పరుగెత్తుతూ అరిచాడు.

"భుజాలు దించు శెట్టీ. ముందాయన పని అయిపోయినాది. ఇప్పుడు పో."

శేషాద్రి పోయాడు, గెలిచాడు. కింద పడబోతుంటే పట్టుకున్నదీ సీమోనే. కంభంలో సంఘం వాళ్ళు కన్యకాపరమేశ్వరి గుడి హాల్లో శాలువా కప్పారు. నాగమణి ఈసారి ఊరు చూసిన సంగతి అడగలేదు.

సీమోను చేతికి సర్టిఫికెట్ వచ్చింది, కార్డు మారింది. అప్పటికి ఊరి సచివాలయంలో కొత్త పింఛను దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. పోయిన నెలాఖరు దాకా తీసుకున్నామని, మళ్ళీ ఎప్పుడో తెలియదని చెప్పి పంపించారు. అక్కడి నుంచి అతను నేరుగా దుకాణానికి వచ్చాడు. బెంచీ చూపించినా కూర్చోలేదు.

"జైపూర్ పోయొచ్చిందాకా ఆపమన్నావంట. హెడ్మాస్టరు చెప్పినాడు."

"అట్ల కాదు సీమోనూ, పనుల్లో పడి..."

"నీ పతకం నాకెందుకు శెట్టీ? తగిలించేదానికి మా ఇంట్లో మేకు గూడా లేదు. ఒక్కమాట అనుంటే నేను పరుగెత్తకుండానే ఉందును. నీ బ్యాగు పెట్టుకోని పక్కన కూర్చుందును. అడగనన్నా అడగలేదే."

శేషాద్రికి వెంటనే తోచింది వ్యాపారమే. "పింఛను వచ్చిందాకా నెలనెలా నేనిస్తాలే. దుకాణంలో తీసుకో."

"నువ్విస్తే జీతగాణ్ణి అయితా. అదైతే నాది." సీమోను తలగుడ్డ చుట్టుకున్నాడు. "ఇంక హిందీ వచ్చినోణ్ణి ఇంకొకణ్ణి చూసుకో."

ఎదురు దుకాణం ముందు లారీ ఆగి ఉంది. పోయి మూట భుజానికెత్తుకున్నాడు.

మరుసటి ఏడు శేషాద్రి భోపాల్ ఒంటరిగా పోయాడు. రైల్లో రెండు రాత్రులూ బ్యాగు మీద చేయి వేసుకుని కూర్చున్నాడు. కేరళ ఆయన కాలు నయమై వచ్చాడు. శేషాద్రి నాలుగోవాడుగా మిగిలాడు. ఆ తర్వాత ఏ రాష్ట్రానికీ టికెట్టు తీయలేదు.

మొత్తం మీద అతనికి మిగిలినవి అదుపులోకి వచ్చిన షుగరు, ఒక శాలువా, ఒక మొదటి స్థానం. ఆ మొదటి స్థానం అసలు ఖరీదు ఊళ్ళో ఇద్దరికే తెలుసు. రెండోవాడు ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.