గుడ్డ కడితేనే ముద్ద

నాకు ముక్కు మీదే కోపమని మా ఆయన అంటాడు. మా అమ్మా అంటుంది. ఈమధ్య డేకేర్ టీచరమ్మ కూడా ఆ జట్టులో చేరింది. అననివ్వండి. కన్నకొడుకు పొద్దంతా మెతుకు ముట్టకుండా ఇంటికొస్తుంటే కోపం రాని తల్లి ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, వెళ్ళి దణ్ణం పెట్టొస్తాను.

మా ఇంటి ముందుగదే మా ఆయన సెలూన్. రెండు కుర్చీలు, గోడంతా అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఓ బల్ల. ఆ గదికీ మా వంటింటికీ మధ్య ఒక తెర. బుడ్డోడు పుట్టకముందు నేను పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పని చేసేదాన్ని. వాడి కోసం మానేశాను. వాడికి మూడేళ్ళు నిండాక మా సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "ఒక ఖాళీ ఉంది, వస్తావా?" అంది. ఎగిరి గంతేశాను. ఆ ఆవిరి, ఆ వేడి దుప్పట్ల వాసన, ఆడవాళ్ళ కబుర్లు, నెల తిరిగేసరికి నా పేరు మీద నా జీతం! ఇవన్నీ లేక ఎంత బెంగపడ్డానో మా ఆయనకు కూడా చెప్పుకోలేదు. ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో మూడేళ్ళ పిల్లాణ్ణి పట్టుకోవడం ఆయన వల్ల కాదు కాబట్టి బుడ్డోణ్ణి డేకేర్‌లో వేశాం.

మొదటిరోజు డబ్బా పెట్టింది పెట్టినట్టే వెనక్కొచ్చింది. కొత్త కదా, అలవాటు పడతాడులే అనుకున్నాను. మర్నాడూ అంతే. ఇక నేను నడుం కట్టాను. పాలకూర కలిపిన అన్నం పెట్టాను. గుడ్డు ఉడికించి పెట్టాను. క్యారెట్లను నక్షత్రాల్లా కోశాను. ఒకరోజైతే బఠాణీలతో కళ్ళు, టొమాటో ముక్కతో నోరు పెట్టి, అన్నాన్ని మనిషి మొహంలా తీర్చిదిద్దాను. ఆ మొహం సాయంత్రం అలాగే నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. బుడ్డోడు మాత్రం గడపలో అడుగుపెడుతూనే అరటిపండ్ల మీద పడ్డాడు.

శుక్రవారం టీచరమ్మ నన్ను గేటు దగ్గరే ఆపేసింది.

"అమ్మా, మీవాడు ఆకలితో మధ్యాహ్నమంతా ఏడుస్తున్నాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ రాగం అందుకుంటున్నారు. సోమవారం కూడా తినకపోతే ఫోన్ చేస్తాను, వచ్చి తీసుకెళ్ళండి. ఆ తర్వాత రోజూ భోజనం వేళకి మీలో ఎవరో ఒకరు రావాల్సిందే."

మా లాండ్రీలో పని మధ్యలో వెళ్ళడాలు, రావడాలు ఉండవు. మా ఆయనకు సెలూన్‌లో రద్దీగా ఉండేది సరిగ్గా ఆ వేళకే. అంటే ఆ ఫోన్ వచ్చిందంటే నా ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాల్సిందే.

టీచరమ్మ అక్కడితో ఊరుకుందా? "మీ వంట నచ్చట్లేదేమో, కాస్త మార్చి చూడండి" అంది.

నా ఒళ్ళు భగ్గుమంది. నా వంటా! వాడు నడక నేర్చినప్పటి నుంచీ మధ్యాహ్నం భోజనానికి పేచీ పెట్టిన పాపాన పోలేదు. గిన్నెలో కలిపి, తెర సందులోంచి వాళ్ళ నాన్నను వంటింట్లోకి పిలిచి చేతికిచ్చి, నేను స్నానానికి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి గిన్నె తుడిచిపెట్టినట్టుండేది. ఈ మాట చుట్టుపక్కల తల్లులందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని కూడా.

ఇంటికొచ్చి మా ఆయన ముందు ఏకరువు పెట్టాను. ఆయన తాపీగా, "అదేంటి, నా దగ్గర గిన్నె నాకేస్తాడే!" అన్నాడు.

"మీ దగ్గరేంటి? వండేది నేను."

"తినిపించేది నేను కదా."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. చూద్దాం ఈయన గొప్ప ఏమిటో అనుకుని, ఆదివారం గిన్నె ఆయన చేతికిచ్చి, స్నానం మానేసి తెర పక్కన నిలబడ్డాను.

పిల్లలకు క్షవరం చేసేటప్పుడు కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క వేస్తారు. బుడ్డోడు దాని మీద రాజాలా కూర్చున్నాడు. మా ఆయన తెల్లగుడ్డ తీసి ఫటామని దులిపి, వాడి మెడ చుట్టూ కట్టాడు. మీట తొక్కి కుర్చీ పైకి లేపాడు.

"చెప్పండి సార్, ఎలా కావాలి? పెద్ద ముద్దా, చిన్న ముద్దా?"

"మీడియం," అన్నాడు నా కొడుకు, అద్దంలో తనను తాను చూసుకుంటూ.

ముద్ద వెళ్ళినప్పుడల్లా వాడు నోరు తెరిచి, లోపల ఏమైందో అద్దంలో పరీక్షగా చూసుకుంటున్నాడు. నా చేత్తో పెడితే తూ అని ఊసే బీన్స్ ముక్కలు కిమ్మనకుండా లోపలికి పోతున్నాయి! గిన్నె ఖాళీ అయ్యాక మా ఆయన చేతి అద్దం తీసి వాడి తల వెనక పట్టుకున్నాడు.

"చూసుకోండి సార్, సరిపోయిందా?"

వాడు అటూ ఇటూ తల తిప్పి చూసుకుని, "బాగుంది," అన్నాడు.

ఇక ఆగలేక తెర లాగేశాను.

"ఏమండీ! జుట్టు కత్తిరించే చోట పిల్లాడికి అన్నమా? కడుపులోకి వెంట్రుకలు పోతే?"

"ఊడ్చి, తుడిచాకే పెడతానే. వాడి గుడ్డ కూడా వేరే."

పక్క కుర్చీలో సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం నురగతో ఉన్న పెద్దాయన అడ్డుపడ్డాడు. "కోప్పడకు అమ్మాయ్. బుడ్డోడి భోజనం అయ్యేదాకా మాలో ఎవరూ తొందరపెట్టం. వాడు తింటుంటే చూడ్డానికే నేను ఈ వేళకి వస్తాను."

నేను కుర్చీ దగ్గరికి వెళ్ళాను. "ఒరేయ్, డేకేర్‌లో ఎందుకు తినట్లేదురా?"

వాడు నన్నో వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "గుడ్డ కట్టలేదుగా."

పెద్దాయన నవ్వితే నురగంతా ఎగిరి అద్దం మీద పడింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వారమంతా క్యారెట్లు కోసిన నా చేతుల్ని చూసుకున్నాను. పాపం, వాడి లెక్కలో వాడు కరెక్టే. గుడ్డ కట్టకుండా ఏ మంగలీ పని మొదలుపెట్టడు.

వెంటనే టీచరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, "ఒక్కడికి కడితే అందరూ అడుగుతారమ్మా," అంది.

"అయితే అందరికీ కడదాం!" అన్నాను, వెనకాముందూ చూడకుండా.

పారేయబోతుంటే లాండ్రీలో అడిగి తెచ్చుకున్న పాత దిండు గలీబులు ఇంట్లో ఉన్నాయి. వాటిని కోద్దామని సెలూన్ కత్తెర అందుకోబోతే మా ఆయన పులిలా మీదికొచ్చాడు.

"అది జుట్టు కత్తెర! గుడ్డ కోశావంటే మొద్దుబారిపోతుంది. కావాలంటే నన్ను కొయ్యి!"

వంటింటి కత్తెరతోనే కానిచ్చాను. ఆయన నాడాలు కుట్టాడు, నేను ఇస్త్రీ చేశాను. మొదటిరోజు తానే వచ్చి కడతానని టీచరమ్మను ఒప్పించింది కూడా ఆయనే. అలాగని సెలూన్ భోజనానికి నేను ఒప్పుకోలేదు. ఇకమీదట గుడ్డ కట్టినా, సార్ అని పిలిచినా, అంతా వంటింట్లోనే అని ఖరాఖండిగా చెప్పేశాను.

సోమవారం నా ఒళ్ళు లాండ్రీలో ఉంది, ప్రాణం డేకేర్‌లో ఉంది. దుప్పటి మెషిన్‌లోకి తోస్తున్నాను, చెవి మాత్రం ఫోన్ మీదే. మోగకూడదు దేవుడా, మోగకూడదు.

మోగింది. టీచరమ్మే.

తీయకపోతే మాత్రం ఉద్యోగం నిలుస్తుందా ఏమన్నా? తీశాను.

"అమ్మా, మీ ఆయన ఇప్పుడే వెళ్ళారు," అంది ఆవిడ, గేటు దగ్గర మాట్లాడిన గొంతుతోనే. "ఇలాగైతే కుదరదు. రేపటి నుంచి ఇంకాస్త పెద్ద డబ్బా పెట్టండి. మీవాడు మొత్తం తినేసి, పక్కపిల్ల అన్నంలో చెయ్యి పెట్టాడు."

"తిన్నాడా?" అన్నాను.

"తినడమా! బీన్స్ కూడా వదల్లేదు. మీ వంట బాగుందమ్మా, నేను కూడా ఒక ముక్క రుచి చూశాను."

అక్కడే మడతపెట్టని దుప్పట్ల కుప్ప మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి నా చేతులు రెండూ తిరగేసి చూసింది.

"ఎక్కడ కాలిందే? చెప్పవే!"

"ఎక్కడా కాల్లేదు మేడమ్. మావాడు అన్నం తిన్నాడు."

ఆవిడ "బాబోయ్, హడలగొట్టావు కదే!" అని నా నెత్తిన ఒక్కటి మొట్టింది. గదిలో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. నేను కళ్ళు తుడుచుకుని లేచి, నా డబ్బా మూత తీసి, నిలబడే గబగబా తినడం మొదలుపెట్టాను. వారం తర్వాత నాకూ ఆకలి వేసింది.