గోడ మీద ఇరవై రెండు

మెయిన్ స్విచ్ ఆపాలి. గోడ మీది పెట్టె విప్పేముందు ఏ తీగ ఎక్కడుందో ఫొటో తీసుకోవాలి. పాత తీగ పొడవు చాలదు కాబట్టి కొత్తది కొని అటక మీదుగా నడవాలోకి లాగాలి. నడవా గోడకు కన్నం వెయ్యాలి. హాల్లో పాత కన్నం పూడ్చి పైన రంగు పుయ్యాలి. వీటన్నిటికంటే ముందు అన్నయ్యను ఒప్పించాలి.

మిగతావన్నీ కలిపి ఒక పూట పని. ఆ చివరిది మాత్రం చలికాలం సగానికి పైగా గడిచినా తెమల్లేదు.

ఆ వంశంలో కాలేజీ గడప తొక్కి పట్టా తెచ్చుకున్న మొదటి మనిషి చెల్లెలు. అందుకని అన్నయ్య ఆమెకు 'డిగ్రీ' అని పేరు పెట్టాడు. "డిగ్రీగారు సెలవిస్తున్నారు, చెవులు రిక్కించండి" అంటుండేవాడు. వెటకారానికి పెట్టిన పేరే గాని, పెద్దమ్మకు ఆ వెటకారం అంటలేదు. తల్లి పోయాక ఆ ఇద్దరినీ పెంచింది పెద్దమ్మే. లాండ్రీ కొట్టులో ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నిలబడి కాళ్ళు వాచిన మనిషి. చెల్లెలి చదువంతా పరాయివాళ్ళ చొక్కాల మడతల్లోంచి వచ్చిందే. కాబట్టి ఆ పేరును ఆమె బంగారంలా అందుకుంది. సాయంత్రమైతే చాలు, వెనక గదిలోంచి కేక వినపడేది.

"మా డిగ్రీ వచ్చిందా?"

"వచ్చాను పెద్దమ్మా."

"అయితే తలుపెయ్యి. సెగ పోతుంది."

ఆమెకు ఇస్త్రీపెట్టెలో ఉండేది సెగ, ఇంట్లో ఉండవలసిందీ సెగే. డిగ్రీ అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. అది పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేది.

ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే హీటరు. దాన్ని నడిపించడానికి అన్నయ్య ఒక స్మార్ట్ థర్మోస్టాట్ కొనుక్కొచ్చాడు. నల్లటి అద్దం, అందులో ఇల్లు ఎన్ని డిగ్రీల వెచ్చన ఉందో చెప్పే నిగనిగలాడే అంకె. వీధి తలుపు తీయగానే వచ్చినవాళ్ళ కళ్ళు దాని మీదే పడేలా హాల్లో ఎదురుగోడకు పెట్టించాడు. వాళ్ళు అబ్బో అనాలి, తను సోఫాలోంచి లేవకుండా ఫోనుతో అంకె మార్చి చూపించాలి. ఆ గోడకు అవతలి పక్క వంటింటి పొయ్యి ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నడవా చివర, రెండు వైపులా బయటి గోడలున్న గది పెద్దమ్మది. చెల్లెలి పక్కా అందులోనే.

"ఒరేయ్, చలిగా ఉందిరా."

అన్నయ్య హాల్లోంచే మెడ తిప్పి చూసేవాడు. "ఇరవై రెండుంది పెద్దమ్మా."

"ఎక్కడుంది?"

"గోడ మీద."

"గోడకుందేమోలే నాయనా. నాకు లేదు."

అందరూ నవ్వారు, పెద్దమ్మ కూడా. "ఇస్త్రీపెట్టె పక్కన వేగిన ప్రాణం నీది. కుంపటి నెత్తిన పెట్టినా చాలదు" అన్నాడు అన్నయ్య.

చెల్లెలు ఒక చిన్న హీటరు తెచ్చి ఆ గదిలో పెట్టింది. పాత వైరింగు కదా, ప్లగ్గు పెట్టగానే ఫ్యూజు ఎగిరిపోయింది. వదిన దాన్ని అటకెక్కించింది. చెల్లెలు తన దుప్పటి కూడా పెద్దమ్మకే కప్పి, స్వెట్టర్లో ముడుచుకుని పడుకునేది.

ఒకరోజు వదిన వంట చేస్తున్నప్పుడు, చెల్లెలు అనుకోకుండా హాలు గోడకు చెయ్యి ఆనించింది. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది గోడ.

"అన్నయ్యా, ఆ పెట్టె చూసేది ఇంటిని కాదు, మన పొయ్యిని. గోడ వేడెక్కగానే ఇల్లంతా వెచ్చబడిందనుకుని హీటరు ఆపేస్తోంది. నడవాలోకి మార్చాలి."

"అది స్మార్టే తల్లీ. దానికి తెలీదా?"

"అది స్మార్టే. పెట్టిన చోటు కాదు."

వదిన వంటింట్లోంచి తొంగి చూసింది. "నిన్నగాక మొన్న రంగేయించాం ఆ గోడకు. కన్నం పడితే ఎవరు పూడుస్తారు?"

"నేనే పూడుస్తాను వదినా."

"నీ చదువంతా మా గోడల మీద చూపించకమ్మా."

"సరే, ఆదివారం చూద్దాంలే" అన్నాడు అన్నయ్య.

ఆ ఆదివారం చుట్టాలొచ్చారు. తర్వాతి ఆదివారం క్రికెట్ మ్యాచ్. ఆ తర్వాత నడుం పట్టేసింది. చెల్లెలు తీగ చుట్ట కొని గూట్లో పెట్టి, చివరికి తనే స్క్రూడ్రైవరు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. అన్నయ్య దాన్ని చేతిలోంచి లాక్కున్నాడు. "ఈ ఇంటికి పెద్ద నేనా, నువ్వా?"

పెద్దమ్మకు దగ్గు పట్టుకుంది. దగ్గు నెమ్ములోకి దిగింది. ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనొచ్చి చెల్లెలు ఆసుపత్రికి పరుగెత్తేసరికి, పెద్దమ్మకు తెలివి లేదు. మళ్ళీ రాలేదు. వయసన్నాడు డాక్టరు. చలి వల్ల అని ఆయన అనలేదు. అడిగినవాళ్ళూ లేరు.

పెద్దమ్మ కర్మకాండలన్నీ అయ్యాక, అన్నయ్యకు ఇంట్లోంచే పని చేసుకోమని ఆఫీసు చెప్పింది. వెనక గదిలో బల్ల వేశారు. చెల్లెలి పక్క హాల్లోకి, సోఫా పక్కకు చేరింది. అన్నయ్య పొద్దున కూర్చున్నాడు. మధ్యాహ్నానికి శాలువా కప్పుకున్నాడు. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేశాడు.

"ఎందుకు సార్ మారుస్తున్నారు?" అన్నాడు ఎలక్ట్రీషియన్ మర్నాడు వచ్చి.

"వెనక గదిలో చలి చంపేస్తోందయ్యా."

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి."

చెల్లెలు గూట్లోని తీగ చుట్ట తెచ్చి ఎలక్ట్రీషియన్ చేతికిచ్చింది.

వదిన నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. "పోనీలే, ఒక పనైపోతోంది. పాపం అత్తయ్య, ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు కూడా ఇదే గోల. 'డిగ్రీ, డిగ్రీ' అని ఒకటే కలవరింత. నేను హాల్లోకొచ్చి చూసి, 'ఇరవై రెండుంది అత్తయ్యా, ఇంకెంత కావాలి?' అన్నాను."

చెల్లెలు గోడకు ఆనుకుంది. "ఇంకేమీ అనలేదా వదినా?"

"'వచ్చిందా?' అంది. కరెంటు సంగతేమోననుకుని, 'కరెంటు పోనేలేదు అత్తయ్యా' అన్నాను. ఇంక ఊరుకుంది."

అన్నయ్య చప్పున తల ఎత్తి చెల్లెలి వైపు చూశాడు. చూసి, ఫోనులోకి తల దించుకున్నాడు. వదినకు ఏమీ అర్థం కాలేదు. చెప్పినా ఇప్పుడు ఎవరికి వెచ్చబడుతుంది?

ఎలక్ట్రీషియన్ నడవాలో పెట్టె బిగించి మెయిన్ వేశాడు. నల్లటి అద్దం మీద పదహారు వెలిగింది. కాసేపటికి హీటరు గుర్రుమంటూ లేచి, ఆ చలికాలంలో ఎన్నడూ ఆడనంత సేపు ఆగకుండా ఆడింది. ఖాళీ మంచం తీసేసిన గది మెల్లగా వెచ్చబడింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది వదిన.

అన్నయ్య హాల్లోకి వచ్చి పాత చోటు చూశాడు. "ఆ కన్నం నువ్వే పూడుస్తానన్నావుగా" అన్నాడు. డిగ్రీ అని మాత్రం పిలవలేదు. ఆ తర్వాత ఆ పేరుతో ఆమెను ఆ ఇంట్లో ఎవరూ పిలవలేదు.

చెల్లెలు పూడ్చింది. ఇచ్చిన మాట తప్పే అలవాటు ఆమెకు లేదు. ఎన్నిసార్లు పూసినా రంగు మాత్రం పాతదానితో కలవలేదు.

మీరెప్పుడైనా ఆ ఇంటికి వెళ్తే, నడవాలోని అంకెను మీకు గర్వంగా చూపిస్తారు. చూడండి, బాగుందని చెప్పండి. వచ్చేటప్పుడు హాల్లో రంగు కలవని ఆ మచ్చ దగ్గర ఒక్క క్షణం ఆగి, "వచ్చిందా?" అని అడిగి, గోడ మీది అంకెనూ కరెంటు కబురునూ జవాబుగా తీసుకుని ఊరుకున్న ఆ పెద్దమ్మను తలుచుకోండి.