పడవ రాదన్న అబ్బులు

అబ్బులు ఇసుకలోంచి మరో గాజుపెంకు ఏరి బకెట్లో వేశాడు. జూన్‌లో గోను తుపాను ఎమిరేట్స్‌లోని ఈ కల్బా ఒడ్డు మీద పడి మూడు నెలలైంది. గెస్ట్‌హౌస్ కింది గదుల గోడల మీద నడుమెత్తున ఉప్పుచార ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉంది. శుక్రవారాలు పిల్లాపాపలతో దిగే షార్జా కార్లు రావడం మానేశాయి. అతిథులు లేకపోయినా పనివాళ్ళకు తిండి పెడుతున్నారంటే వెనక ఏదో ఉంది. పొద్దున సూపర్‌వైజర్ రాజేశ్వర్ పిలిచి మరీ టీ ఇచ్చాడు. అదీ అనుమానమే.

అబ్బులు యాభై దాటిన మనిషి. ఎండకు కమిలిన మెడ, వంకర తిరిగిన వేళ్ళు. ఎవరు పలకరించినా ముందు వాళ్ళ చేతుల వంక చూస్తాడు, కాగితం ఉందేమోనని. తొంభై ఆరు తుపాను తర్వాత కోరంగి దగ్గర వాళ్ళ పల్లెకూ కొందరు కాగితాలతో వచ్చారు. మంచిమాటలు చెప్పి పేర్లు రాసుకున్నారు. పేర్లు రాయించుకున్నవాళ్ళే ఒడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఫైజా మేడమ్ చేతిలోనూ కాగితాలున్నాయి. హైదరాబాద్ అమ్మాయి. దెబ్బతిన్న ఒడ్డుకు మళ్ళీ జనాన్ని రప్పించే పని ఆమె కంపెనీది. గెస్ట్‌హౌస్ పక్క పాయలో, ఉప్పునీట పెరిగే మడచెట్లు తిరిగి నాటిస్తారట, వాటి మధ్య తెడ్డు పడవల్లో షికారు పెడతారట. పోయిన వారం అడిగిందే ఇవాళా అడిగింది.

"చాచా, మధ్యాహ్నం లిస్టు పంపాలె. నిజం చెప్పండి, మీకు పడవ వస్తదా?"

"ఊడవడం తప్ప నాకేం రాదండీ."

"పడవ నడిపేటోళ్ళను ఉంచుకుంటం. లైసెన్సు మేమే ఇప్పిస్తం."

"పడవెక్కితే కళ్ళు తిరుగుతాయండి, ఆయ్."

వీసాలో క్లీనర్ అని ఉంది. పదేళ్ళుగా అతిథులను పాయలో తిప్పింది మాత్రం అతనే. ఏ మలుపులో ఎంత లోతో, పోటు ఏ వేళకు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఒప్పుకుంటే, వీసాలో లేని పని చేశావని ఆ మాటే పట్టుకుని పంపేస్తారు.

మధ్యాహ్నం పాయ ఒడ్డున కూలీలు మడమొక్కలు నాటుతున్నారు. నీళ్ళు అందని మెరక మీద, పొడి ఇసుకలో. పది రోజుల్లో మాడిపోతాయి. అబ్బులు తల తిప్పుకుని గాజుపెంకులు ఏరసాగాడు. చెబితే, ఇతనికి పాయ తెలుసని తెలిసిపోతుంది.

రాజేశ్వర్ వెతుక్కుంటూ వచ్చాడు. "అబ్బులన్నా, నీ పేరు క్లీనర్లల్ల ఉన్నది. క్లీనర్లు ఖలాస్. నాలుగింటికి వ్యాను వస్తది, దుబాయ్ క్యాంపుకు. అక్కడ్నుంచి టికెట్టు."

"పడవోళ్ళో?"

"ఉంటరు. పీరా పేరున్నది."

పీరా నెల్లూరువాడు. తెడ్డు పట్టడం అబ్బులే నేర్పాడు. వాడు ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, మేడమ్‌కి ఫోన్ చేస్తాను, నిజం చెప్పేయ్!"

అబ్బులు వాడి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మేడమ్ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కాకపోతే? ఇప్పుడు నోరు విప్పితే అబద్ధం చెప్పినందుకు ఇంకో కేసు.

"వద్దురా. రేపు నిన్నూ పట్టుకుంటారేమో, జాగర్త."

సంచీ సర్దుకున్నాక అతను పీరాను వెంటబెట్టుకుని పాయ దగ్గరికి వెళ్ళాడు. బురద మీది తడిచారలను వేళ్ళతో తడిమి, ఒకచోట కర్ర పాతాడు. మెడలోని గళ్ళ తుండుగుడ్డ తీసి దాని కొసకు ముడేశాడు.

"పీరా, మొక్కలు ఈ కర్రకి కిందే నాటమను. పైన బతకవు. నేను చెప్పానని మాత్రం అనమాకు."

వ్యాను కొండల దారి పట్టేదాకా అతను వెనక్కి చూడలేదు. ముందు సీట్లో డ్రైవరు చేతిలో ఏదో కాగితం ఉంది.

పొద్దు వాలాక పోటు ఎక్కింది. నీళ్ళు కర్ర మొదలు దాకా వచ్చి ఆగాయి. పైన గళ్ళ తుండుగుడ్డ ఉప్పుగాలికి ఊగుతూ ఉంది.