ఉండడానికి కారణం

వౌటర్‌కు యాభై ఏళ్లు నిండిన వారానికి లమై ఆ మాట విన్నది. భోజనం చేస్తూ, పులుసులోని చేపముల్లు తీసి పళ్లెం అంచున పెడుతూ, వానల గురించి చెబుతున్నంత మామూలుగా అతను చెప్పాడు. ఇకమీదట ఈ థాయి దేశంలో ఉండడానికి తనకు భార్యను చూపించి తెచ్చుకునే అనుమతి అక్కరలేదట. యాభై దాటినవాడు బ్యాంకులో ఇప్పుడు చూపుతున్నదానికి రెట్టింపు సొమ్ము చూపగలిగితే, విశ్రాంత జీవితం పేరు మీద ఏడాదికొకసారి గడువు పొడిగిస్తారట. తల్లి పోయాక నెదర్లాండ్స్ నుంచి వచ్చిన వాటాతో ఆ సొమ్ము సమకూడింది. రెండు నెలల క్రితమే ఖాతాలో వేశాడు.

"ఫోటోలు అక్కర్లేదు. ఇంటికి దారి బొమ్మ గీసివ్వక్కర్లేదు. సాక్షి అక్కర్లేదు. మనింటికి తనిఖీకి ఎవరూ రారు," అన్నాడు. "నువ్వూ రానక్కర్లేదు. ఆ మోకాళ్లతో ఆ వీసా ఆఫీసు కుర్చీల్లో మూడు గంటలు ఏం కూర్చుంటావు?"

"సరే, ఏం ఫరవాలేదు," అంది లమై.

ఆ మాటను ఆమె ఎన్ని రకాలుగా అనగలదో ఎనిమిదేళ్ల కాపురంలో వౌటర్‌కు కొంత తెలిసింది, అంతా తెలియలేదు.

ఇంతవరకు జరిగిన ఎనిమిది పొడిగింపులూ భార్య పేరు మీదే జరిగాయి. ఏటా జూన్‌లో ఆ పని వారం ముందే మొదలయ్యేది. పెళ్లి ఇంకా చెల్లుబాటులోనే ఉందని నాయోంగ్ జిల్లా కచేరీ నుంచి కొత్త పత్రం తేవాలి. ఇంటి నంబరు పలక కింద ఒక ఫోటో, ముందుగదిలో ఒకటి, మంచం అంచున పక్కపక్కన కూర్చుని ఒకటి దిగాలి. ఫోటోలు తీసేది పక్కింటి సమ్రువై. సాక్షి సంతకమూ ఆమెదే. "దగ్గరికి జరగండి, ప్రభుత్వం చూస్తుంది," అని మంచం దగ్గర ఆమె ఏటా అనేది, అని తానే నవ్వేది. అన్నీ అయ్యాక వౌటర్ దరఖాస్తు ముందు కూర్చుని, కారణం అన్నచోట స్వహస్తంతో 'భార్యతో కలిసి ఉండడానికి' అని రాసేవాడు.

అతను మాటల మనిషి కాడు. లమై కూడా అంతే. ఆ ఇంట్లో ఆ సంగతి వెలికి వచ్చేది ఏడాదికి ఒక్కసారి, అదీ దరఖాస్తులోని ఆ గీత మీద. ఇప్పుడు అక్కడ మరో మాట పడుతుంది. అతను ఈ ఇంట్లోనే ఉంటాడు, ఈ మంచం మీదే పడుకుంటాడు. కానీ ఆమె కోసం ఉన్నట్టు ఎక్కడా రాసి ఉండదు. లమై బాధ ఇదీ. దాన్ని బాధ అని ఒప్పుకోవడానికి కూడా ఆమెకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే అతను చెప్పిన కారణాల్లో వంక పెట్టదగింది ఒక్కటీ లేదు.

పదిహేను రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం సమ్రువై వంటింటి గడప మీద వచ్చి కూర్చుంది.

"ఏమే, ఈసారి నా గుర్తింపు కార్డు నకలు అడగలేదేం? అల్లుడు నాకంటే మంచి సాక్షిని చూసుకున్నాడా?"

"సాక్షితో పని లేదట పెద్దమ్మా. ముసలివాళ్ల వీసాకు మారుతున్నాడు."

"ఎవడు ముసలివాడు? మొన్న నా ఇంటి పైకప్పెక్కి రేకు బిగించినవాడా?"

"యాభై నిండితే చాలట."

"మరి నీతోనూ పని లేదా?"

"లేదట."

సమ్రువై నోట్లోని వక్క నమలడం ఆపింది. "పిచ్చిదానా, అదంతా నీ కోసమేనే. మారుతున్నానని నాకు చెప్పలేదు గాని, వాడి గోల వాడు నా దగ్గర చెప్పుకున్నాడు. పోయినేడు వీసా ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి పడకగది దాకా చూసిపోయారు చూడు, ఆ తర్వాత నువ్వు రెండు రోజులు నోరు విప్పలేదట. 'నా మూలాన ఆవిడకు అవమానం జరిగింది పెద్దమ్మా, ఇంకోసారి జరగనివ్వను' అన్నాడు. అదే మనసులో పెట్టుకుని ఉంటాడు."

లమై చేతిలోని కత్తి పక్కన పెట్టింది. ఆ రెండు రోజులు ఆమెకు బాగా గుర్తే.

వచ్చిన ఇద్దరిలో పెద్దవాడు వౌటర్‌ను ముందుగదిలో కూర్చోబెట్టి, ఆమెను వంటింట్లో ఉండమన్నాడు. భార్యాభర్తలను విడివిడిగా అడగడం వాళ్ల పద్ధతి. కానీ రెండు గదుల మధ్య ఉన్నది చెక్క గోడ. ఇంత దూరం వచ్చి ఈ ఊళ్లో ఎందుకుంటున్నారని అడిగితే, ఎండ బాగుంటుందనో తిండి బాగుంటుందనో అంటాడని ఆమె అనుకుంది. వౌటర్ తన నెమ్మది థాయి భాషలో ఒక్కొక్క మాటే కూర్చుకుంటూ చెప్పాడు: "తెల్లవారుజామున రబ్బరు చెట్లు గీయడానికి వెళ్లేటప్పుడు ఆవిడ దీపం వెయ్యదు. నాకు మెలకువ వస్తుందని చెప్పులు చీకట్లోనే తడుముకుంటుంది. నేను మేలుకునే ఉంటాను. ఆవిడ పడ్డ జాగ్రత్త వృథా కాకూడదని కదలకుండా పడుకుంటాను."

అందుకే ఆమె రెండు రోజులు మాట్లాడలేకపోయింది. నోరు తెరిస్తే ఆ మాటే బయటపడుతుందని భయం. బయటపడితే మర్నాటి నుంచి ఆమె దీపం వేసుకోవాలి, అతను లేచి కూర్చోవాలి. ఆ మౌనానికి వౌటర్ తనకు తోచిన కారణం వెతుక్కున్నాడు. ఆ కారణం నుంచే ఈ కొత్త దరఖాస్తు పుట్టింది. తప్పు ఎక్కడ మొదలైందో తెలిశాక, దాన్ని సరిదిద్దవలసింది తానేనని లమైకి అర్థమైంది.

మర్నాడు పొద్దున ఇద్దరూ గడ్డకట్టిన రబ్బరు పాల పలకలను యంత్రంలో ఒత్తుతున్నారు. ఆమె పలకను రోలర్ల మధ్యకు అందిస్తోంది, అతను చక్రం తిప్పుతున్నాడు.

"పోయినేడు వాళ్లొచ్చినప్పుడు నాకేం అవమానం కాలేదు," అంది లమై పలక మీంచి చూపు ఎత్తకుండా.

చక్రం ఆగింది.

"తిప్పు తిప్పు, అంటుకుపోతుంది."

తిప్పాడు.

"అది చెక్క గోడయ్యా. చెప్పుల సంగతి నేను విన్నాను."

వౌటర్ చెవులు కందిపోయాయి. "అంతా విన్నావా?"

"అంతా విన్నాను. ఆ తర్వాత నీతో ఏం మాట్లాడాలో తెలియలేదు."

"కోపం వచ్చిందనుకున్నాను."

"కోపమొస్తే నేను నోరు మూసుకునే రకమా? ఎనిమిదేళ్లలో ఎప్పుడైనా చూశావా?"

"లేదు," అన్నాడు అతను, ఆలోచించి మరీ.

"మోకాళ్ల నొప్పి నాది. మూడు గంటలు కూర్చుంటానో ఐదు గంటలు కూర్చుంటానో నా ఇష్టం. నేను లేకుండా నిన్నిక్కడ ఉంచే కాగితం నాకొద్దు."

అతను మరో మూడు పలకలకు చక్రం తిప్పాడు. నాలుగోదానికి తిప్పుతూ అడిగాడు: "జిల్లా కచేరీ ఎనిమిదిన్నరకేగా తెరిచేది?"

నాలుగు రోజుల తర్వాత ముగ్గురూ త్రాంగ్ పట్నంలోని వీసా ఆఫీసులో కూర్చున్నారు. సమ్రువై పట్టుబట్టలు కట్టుకుని వచ్చింది. బల్ల అవతలి అధికారిణికి ముప్పై ఏళ్లుంటాయి. కాగితాలన్నీ తిరగేసి, వౌటర్ పుట్టిన తేదీ దగ్గర ఆగింది.

"మీకు యాభై నిండాయి కదండీ, సొమ్ము కూడా సరిపడా ఉంది. విశ్రాంతి కింద పెట్టుకుంటే ఎంతో సులువు. ఇంటికి మనుషులు రారు, నెల రోజులు పరిశీలనలో పెట్టడం ఉండదు. ఇదైతే నెల తర్వాత మళ్లీ రావాలి."

"తెలుసండీ. సులువుగా అయిపోతే ఈవిడ నా వెంట రాదు," అన్నాడు వౌటర్.

అధికారిణి లమై వైపు చూసింది. లమై తన చేతిసంచి జిప్పు తీసి, లోపల ఏమీ వెతక్కుండానే మళ్లీ వేసింది. అధికారిణి నవ్వు ఆపుకుంటూ సమ్రువై వైపు తిరిగింది.

"మీరు చెప్పండి పెద్దమ్మా. వీళ్లిద్దరూ కలిసే ఉంటున్నారా?"

"కలిసే ఉంటున్నారు తల్లీ. ఒకే మంచం, ఒకే దోమతెర. కాకపోతే ఈ మధ్య ఇరవై రోజులు ఇద్దరికీ బుద్ధి లేదు. అది కూడా రాసుకో."

అధికారిణి మొదటి ముక్క మాత్రం రాసుకుని, కాగితం వాళ్ల ముందుకు జరిపింది. కింద మూడు సంతకాలకు చోటుంది. లమై అందరికంటే ముందు కలం అందుకుంది.