ఆయుధపూజ నాటి కంప్యూటర్

పనిచేస్తున్న కంప్యూటర్‌ను ఆపేసి, దానికి పసుపునీళ్ళు చల్లే మనుషుల మధ్య పుట్టడం ఏ జన్మ పాపమో అనుకుంది నేత్ర. చల్లితే చల్లారు, ఆపడం దేనికి? అదే ఆమెకు ఒళ్ళు మండించింది.

బాగేపల్లి బజారులో ఆమె చిన్నాయన వెంకటరాయప్పకు ఇంటిని ఆనుకునే శెనక్కాయల మండీ ఉంది. ఆ కంప్యూటర్ ఉండేది మండీ వెనక గదిలో. డిగ్రీ ముగించి ఆ ఇంట్లోనే ఉంటున్న నేత్ర తప్ప దాని మొహం చూసేవాళ్ళు లేరు. ఆమె అందులో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది. లోకమంతా ఉచితంగా వాడుకుంటూ, చేతనైనవాళ్ళు సరిదిద్దే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకదాని కోడ్‌ను సైబర్ కేఫ్ నుంచి సీడీల్లో మోసుకొచ్చింది. అందులో తెలుగు అచ్చేస్తే అక్షరాల మీది గుడులు తెగిపోయేవి. నెలల తరబడి తిప్పలు పడి ఆ లోపాన్ని పట్టుకుని దిద్దింది. ఇక దిద్దిన కోడ్‌నంతా కంపైల్ చేసి, అంటే మిషన్ నడపగలిగే రూపంలోకి మార్చి, అది సరిగ్గా నడుస్తోందని చూసుకుని పంపడమే మిగిలింది. రేపు పొద్దునకల్లా అందితే కొత్త విడుదలలో చేర్చుకుంటామని ప్రాజెక్టువాళ్ళు రాశారు. చేర్చుకుంటే అది తయారుచేసినవాళ్ళ పేర్లలో తన పేరూ ఉంటుంది. తప్పితే మళ్ళీ ఆరునెలలు, అప్పటికి ఈ గది తనకు దొరుకుతుందో లేదో దేవుడికే ఎరుక.

పాత మిషన్ కదా, కంపైలింగ్ నిన్నటి నుంచి సాగుతూనే ఉంది. సాయంత్రానికి అయిపోయేది. పండగ, మండీకి సెలవు, ఎవరూ అటు రారని ధీమాగా స్నానానికి వెళ్ళింది నేత్ర. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. దాని మీద విభూతి పట్టెలు, నడుమ కుంకుమ బొట్టు, కీబోర్డు నిండా తడి చేమంతులు.

"ఎవరు ఆపినారు దీన్ని?"

"నేనే," అంది చిన్నమ్మ అంజనమ్మ, హారతి పళ్ళెం పట్టుకుని. "ఈ పొద్దు ఆయుధాలు పని చేయకూడదు మే. రేపు పూజ అయినాకనే ముట్టుకోవల్ల."

"అయ్యో చిన్నమ్మా, రేపటికి పంపకపోతే నా కష్టమంతా గంగపాలే! ఇప్పుడు పెడితే ఆగిన కాడ్నించే పోతాది."

"పండగ పూట ఏం వాదం మే?" చిన్నాయన కసిరాడు. "ఒక దినం దాన్నీ పండుకోనీ."

అంతలో వీధిలో గుమ్మడికాయ పగిలింది. అరటి పిలకలు కట్టిన చిన్నాయన లారీ, నిమ్మకాయలు తొక్కి, మూటల బరువుతో హిందూపురం దారి పట్టింది.

"లారీ ఆయుధం కాదా చిన్నాయనా?"

"అది వ్యాపారం మే. నీది ఆట."

నేత్ర పళ్ళు కొరుక్కుంటూ పోయి అందరికీ నెయ్యి వేసి పూర్ణం ఓళిగలు వడ్డించింది. ఒక్కటీ తాను తినలేదు.

భోజనాలయ్యాక వెనక గదిలోంచి నవ్వులు వినబడ్డాయి. చిన్నాయన కొడుకు సునీల్‌కుమార్ బల్ల మీద కాళ్ళు చాపుకుని కంప్యూటర్‌లో సినిమా చూస్తున్నాడు. నెయ్యి వేళ్ళతోనే కీబోర్డు నొక్కుతున్నాడు. చేమంతులన్నీ నేల మీద పడున్నాయి. గుమ్మంలో నిలబడి చిన్నాయన కూడా పళ్ళికిలిస్తున్నాడు.

"దీన్ని ముట్టుకోకూడదంటిరి కదా?"

"సినిమా చూసేది పనేమన్నానా మే," అన్నాడు సునీల్‌కుమార్, తెర మీద నుంచి కన్ను తిప్పకుండానే.

ఛీ! ఇదా వీళ్ళ భక్తి? ఆ నెయ్యి చేతులు, ఆ ఇకిలింపులు, ఆ విభూతి వాసన, ఒక్కటీ భరించలేకపోయింది నేత్ర. వైరు పీకి పారేసింది. పూజలో తక్కెడ పక్కన పెట్టిన స్క్రూడ్రైవర్ అందుకుంది.

"పూజలోది తీయద్దు మే!" చిన్నమ్మ కేక పెట్టింది.

నేత్ర వినలేదు. మరలు విప్పి హార్డ్‌డిస్కు బయటికి తీసింది. పాతది కాలిపోయినప్పుడు ట్యూషన్లు చెప్పిన డబ్బుతో కొన్న డిస్కు అది, ఆమె పనంతా అందులోనే ఉంది. దాన్ని తువ్వాలులో చుట్టి సంకన పెట్టుకుంది.

"యాడికి పోతాండావు పండగ పూట?" అన్నాడు చిన్నాయన.

"చింతామణికి, మంజుశ్రీ ఇంటికి. అది నాతోబాటు చదువుకునింది. వాళ్ళింట్లో కొత్త కంప్యూటరూ నెట్టూ ఉండాయి, తెల్లారేలోపల పంపేస్తా."

సునీల్‌కుమార్ వైరు తగిలించి మీట నొక్కాడు. తెర మీద డిస్కు లేదంటూ రెండు తెల్ల వరుసలు వచ్చి నిలిచిపోయాయి. మళ్ళీ నొక్కాడు, అంతే.

"ఏమయింది మే దీనికి? సినిమా యాడికి పోయ?"

నేత్ర గడప దిగి వెనక్కి తిరిగింది.

"పెట్టె మీకే ఇడిసినాను కదన్నా. మీరు కుంకుమ పెట్టింది దానికే. పూజ చేసుకోండి."